క్యాసినోల మీదుగా కాల్గరీకి

కెనడాలో నా మొదటి వేసవి సెలవులు మొదలైన రోజు నుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. మే నుంచి సెప్టెంబరు దాకా క్లాసుల్లేవు. ఆ ఏడాది మా కాలేజీలో ఏ గదిలో చూసినా మన పిల్లలు, పంజాబీ పిల్లలే. అందరికీ ఒకేసారి సెలవులు, అందరికీ అవే పార్ట్‌టైమ్ ఉద్యోగాలు కావాలి. ఏ కాఫీ షాపులోనైనా మనుషులు కావాలని తెలిస్తే చాలు, పార్కింగ్ లాట్ చుట్టూ లైను తిరిగిపోయేది. నేనూ ఆ లైన్లలో నిలబడ్డాను. రెజ్యూమె తీసుకుని, నవ్వి, ఫోన్ చేస్తామనేవాళ్ళు. ఆ ఫోన్ ఎప్పుడొస్తుందోనని సెల్లు చేతిలో పట్టుకునే ఒంటారియోలో, టొరంటో పక్కనున్న మా ఏజాక్స్ వీధుల్లో నడిచేదాన్ని. గదిలోకి వెళ్తే గోడలు మీదికొచ్చినట్టు ఉండేది.

నేనుండేది ఒక తెలుగు దంపతుల ఇంటి బేస్‌మెంట్‌లో. అంకుల్‌ది, ఆంటీది నరసాపురం వైపు. ఆయన ఆషవా దగ్గర కార్ల సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో ఎక్కువగా నైట్ డ్యూటీలు చేసి మానేశారు. ఆదివారం చర్చి, బుధవారం ప్రార్థన కూటం, మిగతా రోజులు పెరట్లో టమాటా మొక్కలు. వాళ్ళకు ఒక్కతే కూతురు, మూడు వేల కిలోమీటర్లకు పైగా పడమటనున్న కాల్గరీలో ఉంటుంది. ఆ అమ్మాయి పెద్ద ఇల్లు కొనుక్కుని, కింది భాగమంతా అమ్మానాన్నల కోసం తయారుచేయించింది. వీళ్ళు ఇక్కడి ఇల్లు అమ్మేశారు. సామానంతా లారీలో ముందే వెళ్ళిపోయింది. మిగిలింది ఒక పాత వ్యాను, అందులో పట్టినన్ని సామాన్లు, వీళ్ళిద్దరూ.

కూతురు విమానం టికెట్లు తీస్తానంది. అంకుల్ ఒప్పుకోలేదు. దేశం ఈ చివర ఇన్నేళ్ళు బతికి, మధ్యలో ఏముందో చూడలేదన్నారు. కానీ ఆయనకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాల్సి ఉంది. దూరం డ్రైవ్ చేయొద్దని డాక్టరు చెప్పారు.

ఒకరోజు మెట్ల మీద నుంచి పిలిచారు. "ఏమ్మా, నీకు వ్యాన్ నడపడం వచ్చంటగా?"

వచ్చు. హన్మకొండలో మా నాన్నకు ట్రావెల్స్ వ్యాను ఉండేది. నాకు స్కూటీ కంటే ముందు వ్యానే నేర్పాడు. ఇక్కడికొచ్చాక ఆ అనుభవం చూపించి ఫుల్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఆయన అడగ్గానే సరేనన్నాను. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే కాల్గరీ నుంచి నా డిగ్రీ క్లాస్‌మేట్ ఫోన్ చేసింది. తను పనిచేసే వేర్‌హౌస్‌లో వేసవికి మనుషుల్ని తీసుకుంటున్నారట.

"నువ్వు మనిషివి ఎదురుంగ ఉంటే మా సూపర్‌వైజర్‌తోని నేను మాట్లాడ్త. కానీ వచ్చే శుక్రవారం నాలుగింటి దాకనే ఉంటడు ఆయన. ఆ తర్వాత ఎవ్వర్నీ తీసుకోరు. వస్తవా?"

"వస్త" అన్నాను. అంకుల్‌కి కూడా ఆ శుక్రవారం గడువు చెప్పాను. సోమవారం పొద్దున్నే బయల్దేరితే గురువారానికల్లా చేరిపోతామని నా ధీమా.

ఆ ధీమా మొదటిరోజు సాయంత్రమే సడలింది. సుపీరియర్ సరస్సు ఇంకా మొదలుకాకముందే, సూ సెయింట్ మేరీ ఊరు రాగానే అంకుల్ ఫోన్‌లో ఏదో చూసి, "ఆ సిగ్నల్ దగ్గర ఎడమకి తిప్పు" అన్నారు. తిప్పితే ఎదురుగా క్యాసినో.

"ఏవండీ! ఇదేంటండీ?" అని వెనక సీట్లోంచి ఆంటీ గట్టిగానే అన్నారు.

"ఆడ్డానిక్కాదే. తినడానికి. లోపల మంచి రెస్టారెంట్ ఉందంట. వ్యాన్‌లో మన సామానుంది. మామూలు హోటలు ముందు పెడితే ఎవడైనా అద్దం పగలగొడితే? ఇక్కడైతే పార్కింగ్ అంతా కెమెరాలే."

ఆ మాట కాదనలేకపోయాం. వ్యాన్‌లో నిజంగానే గ్రైండరు, కుక్కరు, దుప్పట్లు, ఫొటోలు, ఆంటీ క్రైస్తవ కీర్తనల పుస్తకాలు పైకప్పు దాకా ఉన్నాయి. గుమ్మంలో సెక్యూరిటీ అతను వాళ్ళిద్దర్నీ పోనిచ్చి నన్ను ఆపాడు. నా లైసెన్సును అటూ ఇటూ తిప్పి, నా మొహం చూసి, మళ్ళీ లైసెన్సు చూశాడు. పిల్లనుకున్నాడేమో. ఆంటీ తల మీద చున్నీ కప్పుకుని, కార్పెట్ తప్ప ఇంకేమీ చూడకుండా, అంకుల్ చొక్కా అంచు పట్టుకుని మెషీన్ల మధ్య నుంచి నడిచారు. రెస్టారెంట్ ఆ హాలు అవతలి చివర ఉంది. అక్కడ కూర్చున్నా మెషీన్ల మోత వినిపిస్తూనే ఉంది.

ప్లేట్లు వచ్చాక ఆంటీ కళ్ళు మూసుకున్నారు. "తండ్రీ, మా ముందుంచిన ఈ ఆహారము కొరకై నీకు స్తోత్రములు..." అనేసరికి ఎవరికో మెషీన్‌లో డబ్బులు తగిలాయి కాబోలు, గంటలు మోగిపోయాయి. ఆవిడ ఆపలేదు, గొంతు పెంచారు. పక్క టేబుల్ వాళ్ళు ఫోర్కులు కింద పెట్టి అది అయ్యేదాకా మర్యాదగా ఆగారు.

అంకుల్ తినే పద్ధతి నేను అప్పుడే చూశాను. ముందు సూప్. దాని తర్వాత కాసేపు కిటికీ లేని గోడ వైపు చూస్తూ కూర్చోవడం. తర్వాత చేప ముక్క. దాన్ని పువ్వు విప్పినట్టు రేకలు రేకలుగా విడదీసుకుని తినడం. మళ్ళీ ఆగడం. వెయిట్రెస్‌ను పిలిచి, ఈ చేప ఏ సరస్సుదని అడగడం. నేను నా పాస్తా ఎప్పుడో మింగేసి, టేబుల్ కింద కాలు ఊపుతున్నాను.

"కాలలా ఊపకమ్మా, టేబులు కదుల్తోంది" అన్నారాయన. "నెమ్మదిగా తిను. ఎవరూ తరమట్లేదు."

"చీకటి పడకముందు ఇంకో రెండు గంటలు పోవచ్చు అంకుల్."

"రోడ్డెక్కడికి పోతుంది? ఇక్కడే పడుకుందాం."

ఆంటీ మాత్రం రెండు బ్రెడ్ ముక్కలు, కోసిన పళ్ళు తిని చేయి తుడుచుకున్నారు. జూదం ఆడే ఇంట్లో వండింది తన గొంతు దిగదన్నారు.

మంగళవారమంతా సరస్సు పక్కనే నడిపాను. ఎడమ వైపు నీళ్ళు, కుడి వైపు రాళ్ళ గుట్టలు, అడవి. మలుపు తిరిగినప్పుడల్లా కిలోమీటర్ల బోర్డు కోసం చూడటమే నా పని. థండర్ బే చేరేసరికి సాయంత్రమైంది. మర్నాడు తెల్లారగానే బయల్దేరదామని వ్యాను తాళాలు పట్టుకుని మోటెల్ ముందు నిలబడితే, అంకుల్ షేవింగ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తాపీగా వచ్చారు.

"ఈ ఊళ్ళో క్యాసినోలో లంచ్ బాగుంటుందని మోటెల్ అతను చెప్పాడమ్మా. తినేసి వెళ్దాం."

"అది తెరిచేదే పదకొండింటికి!"

"అయితే కాఫీ తాగుతూ కూర్చుందాం."

ఆ మధ్యాహ్నం నేను వాళ్ళతో కూర్చోలేకపోయాను. త్వరగా తినేసి లేచి హాల్లో తిరిగాను. నడవడానికి అక్కడ వేరే చోటు లేదు. ఒక వరుస మెషీన్లు దాటితే ఇంకో వరుస. గడియారం లేదు, కిటికీ లేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న ఒక పెద్దావిడ ఒక చేత్తో సిలిండరు బండి పట్టుకుని ఇంకో చేత్తో బటన్ నొక్కుతోంది. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఒకాయన మెషీన్‌తో బతిమాలుతున్నట్టు మాట్లాడుతున్నాడు. వాళ్ళ మధ్య అదే పనిగా తిరుగుతుంటే సెక్యూరిటీ ఆవిడ వచ్చి, ఎవరికోసమైనా వెతుకుతున్నావా అనడిగింది. తలుపు కోసం వెతుకుతున్నానన్నాను. ఆవిడ నవ్వి దారి చూపించింది. బయటికెళ్ళి వ్యాను చుట్టూ తిరిగాను.

అప్పుడే ఫ్రెండ్ ఫోన్. "ఎక్కడి దాక వచ్చిన్రు?"

చెప్పాను.

"ఇంకా ఒంటారియోలనే ఉన్నరా? ఏం చేస్తున్నరే అక్కడ?"

"తింటున్నం" అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

ఆ రోజు కెనోరా దాకా మాత్రమే వెళ్ళగలిగాం. గురువారం విన్నిపెగ్‌లో మళ్ళీ ఆగాల్సి వచ్చింది. అక్కడి క్యాసినోలో బఫే. పొడుగాటి కౌంటర్ల మీద అన్నీ ఒకేచోట: పీత కాళ్ళు, నూడుల్స్, మెదిపిన ఆలుగడ్డ, అప్పటికప్పుడు కోసి పెట్టే కాల్చిన మాంసం, రంగురంగుల జెల్లీలు. అంకుల్ ముందు ఖాళీ చేతులతో కౌంటరంతా ఒకసారి చూసుకుంటూ నడిచారు. తర్వాత ప్లేటు తీసుకుని ఒక్కో వస్తువు, ఒక్కో చెంచా. ప్రతిసారీ టేబుల్‌కు వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళడం. నేను ఆకలి లేకపోయినా ప్లేటు నింపుకున్నాను. సగం కూడా తినలేక, దాన్ని అక్కడే వదిలి ఇంకోటి తెచ్చుకుని, అదీ వదిలేశాను. ఏం తింటున్నానో నోటికి తెలియలేదు.

చేతులు కడుక్కునే చోట ఆంటీ దొరికారు.

"ఆంటీ, మీరన్నా చెప్పండి. నేను రేపు నాలుగింటికి అక్కడ ఉండాలె. ఉద్యోగం పోతది."

ఆవిడ అద్దంలో నన్ను చూశారు. "ఆయన ఫ్యాక్టరీలో తినేవాడు చూడూ, బెల్లు కొడితే డబ్బా మూత తీయాలి, ఇంకో బెల్లు కొడితే మూసెయ్యాలి. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన డ్యూటీ ఎక్కేవాడు. ఇద్దరం ఒక టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తిన్నది ఆదివారాలే. అదీ చర్చి నుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. ఇప్పుడిలా కూర్చోవడం ఆయనకి కొత్త."

"అయితే ఇక్కడ మాత్రం బెల్లుల్లేవా? చెవులు పగిలిపోతున్నయి కదా!"

ఆంటీ నవ్వారు గానీ, ఆయన్ని తొందరపెడతానని మాత్రం అనలేదు.

ఆ రాత్రి రెజైనా చేరాం. శుక్రవారం పొద్దున్నే వాళ్ళను లేపి కూర్చోబెట్టి వ్యాను తీశాను. రోడ్డు గీత గీసినట్టు ఉంది. రెండు వైపులా పొలాలు, ఎక్కడా మలుపు లేదు. వేగం తగ్గించమని ఆంటీ రెండు మూడు సార్లు అన్నారు. మధ్యాహ్నం కాకముందే మెడిసిన్ హ్యాట్ ఊరి బోర్డు కనిపించింది. అక్కడి నుంచి కాల్గరీ మూడు గంటలు. ఆగకుండా పోతే సూపర్‌వైజర్ ఇంకా సీట్లో ఉంటాడు.

అంకుల్ ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. నాకు అర్థమైపోయింది.

"అంకుల్, ఇయ్యాల ఆపను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీకు తినుడే పని. నాకు అట్ల కాదు. మూడు రోజుల సంది చెప్తున్న. ఈ ఉద్యోగం పోతే మళ్ళ లైన్లల్ల నిలబడేది నేను, మీరు కాదు."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సరేనమ్మా. పోనీ" అన్నారు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

ఊళ్ళోకి తిరిగే దారి ఇంకాసేపట్లో దాటిపోతుందనగా వెనక నుంచి ఆంటీ అన్నారు.

"ఆపమ్మా."

"ఆంటీ..."

"నాకాకలేస్తోంది. ఆపు."

వారమంతా బ్రెడ్డూ పళ్ళూ తప్ప ముట్టని మనిషి. ఆకలి అంటే ఏం చెప్పను? స్టీరింగ్ తిప్పాను.

అక్కడి క్యాసినో చిన్నది. రెస్టారెంట్‌లో ఆ రోజు లంచ్ బఫే పెట్టారు. ఆంటీ ఈసారి చున్నీ కప్పుకోలేదు. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్ళి అన్నం, వేయించిన చికెన్, చేప, ఆ పక్కన బంగాళాదుంప, దాని మీద గ్రేవీ, అన్నీ ఒకే ప్లేట్లో పోసుకొచ్చారు. చిన్నగా ప్రార్థన చేసి తినడం మొదలుపెట్టారు. అది కాగానే లేచి ఇంకో ప్లేటు. అంకుల్ ముందున్న సూప్ చల్లారిపోతోంది. ఆయన ఆవిడనే చూస్తున్నారు.

"ఏంటే అలా తింటున్నావు? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. రేపట్నుంచి అడిగి తినాలిగా. ఇవాళ అడక్కుండా తింటున్నాను."

"ఎవర్నడగాలి?"

"మీ కూతుర్ని. ఆ వంటిల్లు దానిది. ఆ పిల్లలకి చేపల వాసన పడదు. తాలింపు వేస్తే ఇల్లంతా ఫ్యాన్లు పెడుతుంది. నేను ఏ పొయ్యి ముట్టుకోవాలన్నా దాని మొహం చూడాలి." ఆవిడ ఫోర్కు కింద పెట్టారు. "మీరు వెళ్దామన్నారని బయల్దేరాను గానీ, నాకిష్టమై కాదు."

అంకుల్ కుర్చీలో వెనక్కి వాలారు. "నేనెప్పుడన్నానే? నువ్వే కదా, మనవల దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళాలి అని రోజూ అనేదానివి?"

"చూసి రావాలన్నాను. ఉండిపోదామన్నానా? ఇల్లు అమ్మేద్దామని మీరే అన్నారు."

"నీకు మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లు ఎక్కలేకపోతున్నావని అన్నాను. నువ్వు కూతురి దగ్గరుంటే సుఖపడతావని. నాకా? ఆ ఇంట్లో నేనేం చేస్తాను? టీవీ రిమోట్ కూడా నా చేతికి రాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని రోజులూ ఈయనొక్కడే ప్రయాణం సాగదీస్తున్నాడని నేననుకున్నాను. సూ సెయింట్ మేరీలో, థండర్ బేలో, ఆయన ఒక్కో చెంచా తింటుంటే ఆవిడ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది.

నా ఫోన్ మోగుతోంది. ఫ్రెండే. టేబుల్ మీద బోర్లించి పెట్టాను. కోపం పోలేదు, కానీ ఇక ఎంత కాలు ఊపినా నాలుగింటికి చేరమని తెలిసిపోయింది.

"అయితే ఇప్పుడేం చేద్దాం? బండి వెనక్కి తిప్పాల్నా?" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను. అంకుల్ మాత్రం నిజంగానే ఆలోచించారు.

"ఎక్కడికమ్మా? ఆ ఇంట్లో వేరేవాళ్ళు దిగిపోయుంటారు."

"కాల్గరీలో అపార్ట్‌మెంట్లు లేవా?" అన్నారు ఆంటీ. "ఒక గది, ఒక వంటిల్లు. లిఫ్ట్ ఉంటే చాలు. దాని ఇంటికి దగ్గర్లోనే. పొద్దున్న వెళ్ళి పిల్లల్ని చూసుకుని, సాయంత్రం మనింటికి మనం."

"అమ్మాయి బాధపడదూ? బాత్రూముల్లో పట్టుకోడానికి కమ్మీలు కూడా బిగించిందే."

"పడుతుంది. నేను చెప్తాను."

అంకుల్ కాసేపు చల్లారిన సూప్‌ను చెంచాతో కలిపారు. తర్వాత నా వైపు తిరిగారు. "నీ పని పాడుచేశానమ్మా. చెప్పాలంటే నాకు అక్కడికి చేరాలనిపించలేదు. అందుకే." అంతే అన్నారు. లేచి వెళ్ళి ముగ్గురికీ చీజ్‌కేక్ ముక్కలు తెచ్చాను. ఆ వారంలో నేను రుచి తెలిసి తిన్నది అదొక్కటే.

కాల్గరీ చేరేసరికి సూపర్‌వైజర్ వెళ్ళిపోయి చాలాసేపైంది. కూతురు గుమ్మంలోనే ఎదురొచ్చి ఇద్దర్నీ కావలించుకుంది. పిల్లలు హాయ్ చెప్పి లోపలికి పరుగెత్తారు. టీ తాగుతూ ఆంటీ సంగతంతా చెప్పేశారు. ఆ అమ్మాయి ఏడ్చింది. ఇంత చేయించాను కదా, ముందే ఎందుకు చెప్పలేదని ఇంగ్లీషులో అడిగింది. మాకే తెలియదే అని ఆంటీ తెలుగులో అన్నారు. నేను కప్పు పట్టుకుని ఎటు చూడాలో తెలియక వంటింటి పలకల వైపు చూస్తూ నిలబడ్డాను.

నా ఫ్రెండ్ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తనతో పాటు ఇంకో ముగ్గురమ్మాయిలున్న ఫ్లాట్‌లో హాల్లో పరుపు వేసుకున్నాను. మళ్ళీ రెజ్యూమెలు, మళ్ళీ లైన్లు. ఊళ్ళో తిరిగే సీట్రెయిన్ అనే లోకల్ రైల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. జూలై చివర్లో ఒక హోటల్ లాండ్రీలో పని దొరికింది. దుప్పట్లు మడతపెట్టే పని. సెలవులయ్యేదాకా అదే చేశాను. చేతులకు పని దొరికాక నిద్ర కాస్త నయమైంది గానీ, ఏదో మర్చిపోయి వచ్చినట్టు మధ్యమధ్యలో లేచి కూర్చునేదాన్ని.

ఆగస్టులో అంకుల్, ఆంటీ సీట్రెయిన్ స్టేషన్ పక్కన ఒక అపార్ట్‌మెంట్లోకి మారారు. అద్దెకు తీసుకునేటప్పుడు కూతురే వచ్చి సంతకాలు పెట్టించిందట. అంకుల్ రెండో కన్ను ఆపరేషన్ కూడా అయిపోయింది. నేను టొరంటో విమానమెక్కే ముందు ఒకసారి వెళ్ళాను. ఆంటీ కొరమీను దొరకలేదని ఏదో తెల్ల చేపతో పులుసు పెట్టారు. వాసన వరండా దాకా వచ్చింది.

సెప్టెంబరులో నాకు టొరంటో తూర్పు వైపు స్కార్‌బరోలో గది దొరికింది. కాలేజీకి రెండు బస్సులు, ఒక రైలు. ఆంటీ అప్పుడప్పుడు శనివారాలు ఫోన్ చేస్తారు. ఒకసారి చేసినప్పుడు వెనక హైవే చప్పుడు వినిపించింది.

"ఎక్కడున్నారు ఆంటీ?"

"ఏమో, ఈయన్నడగాలి. ఈయనే నడుపుతున్నారు. రెడ్ డీర్ ఊరు దాటామంట. అమ్మాయి పాపం పిల్లల్ని తీసుకుని మా ఇంటికొచ్చిందంట, తాళం వేసుందని ఫోన్ చేసి ఒకటే తిడుతోంది."

పక్క నుంచి అంకుల్ నవ్వు వినిపించింది. నా బస్సు వచ్చింది. తర్వాత చేస్తానని చెప్పి పరుగెత్తాను.